మిడ్‌టర్మ్‌లో 62 వచ్చింది, ఫైనల్స్‌కు ఏ సబ్జెక్టు మీద కూర్చోవాలి?

అడిగింది: ఎంఎస్ మొదటి సెమిస్టర్, టెక్సాస్

అన్నలూ, అక్కలూ, నమస్తే. మూడు సబ్జెక్టులు, తొమ్మిది క్రెడిట్లు. అల్గారిథమ్స్‌లో హోంవర్కులకు 20 శాతం, క్విజ్‌లకు 10, మిడ్‌టర్మ్‌కు 25, ప్రాజెక్టుకు 15, ఫైనల్‌కు 30. నాకు ఇప్పటిదాకా వరుసగా 95, 80, 62, 90. డేటాబేస్‌లో హోంవర్కు 30 శాతం, మిడ్‌టర్మ్ 30, ఫైనల్ 40. వచ్చినవి 92, 85. మూడోది పూర్తిగా ప్రాజెక్టే, ఏ మైనస్ ఖాయం. అల్గారిథమ్స్‌లో కాన్వాస్ (మా యూనివర్సిటీ మార్కులు చూపించే వెబ్‌సైట్) 80 శాతం చూపిస్తోంది. రెండు వారాలు గట్టిగా చదివితే ఏ మైనస్ వస్తుందా?

షార్లట్ నుంచి

రాదు తమ్ముడూ. లెక్క చూడు. వచ్చిన మార్కును దాని వెయిట్‌తో గుణించి వందతో భాగించు. 19, 8, 15.5, 13.5. మొత్తం 56. అంటే 70కి 56 చేతిలో ఉన్నాయి. కాన్వాస్ 80 అంటున్నది దాన్నే, ఫైనల్‌ను అది ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు కావాల్సిన గ్రేడు కటాఫ్‌లోంచి 56 తీసేసి, 30తో భాగించి, వందతో గుణించు. ఏ మైనస్‌కు 90 కావాలంటే ఫైనల్ నుంచి 34 రావాలి, ఉన్నదే 30. బీ ప్లస్‌కు 87, అదీ అందదు. బీకి 83, అంటే ఫైనల్‌లో 90 శాతం. బీ మైనస్‌కు 80, అంటే ఫైనల్‌లోనూ 80 శాతం. సీ ప్లస్‌కు 77, అంటే ఫైనల్‌లో 70 శాతం. ఇవి మామూలుగా కనిపించే కటాఫ్‌లు. మీ సిలబస్‌లో, అంటే ప్రొఫెసర్ ఇచ్చే కోర్సు నియమాల కాగితంలో, వేరేగా ఉంటే అవే పెట్టుకో.

డేటాబేస్‌లో చేతిలో ఉన్నది 53.1. బీకి ఫైనల్‌లో 75 చాలు, బీ ప్లస్‌కు 85, ఏ మైనస్‌కు 92కి కాస్త పైన.

అల్గారిథమ్స్‌లో 70, డేటాబేస్‌లో 75 తెచ్చుకుంటే సీ ప్లస్, బీ, ప్రాజెక్టులో ఏ మైనస్. వాటి గ్రేడ్ పాయింట్లు 2.3, 3.0, 3.7 కలిపి మూడుతో భాగిస్తే జీపీఏ సరిగ్గా 3.0, దానికంటే తగ్గకూడదు. ముందు ఈ రెండు గీతలూ దాటాలి. తర్వాత మిగిలిన గంటలు డేటాబేస్‌కే పెట్టమంటాను. అక్కడ పది మార్కులు పెరిగితే మొత్తంలో 4 పెరుగుతుంది, అల్గారిథమ్స్‌లో 3. పైగా 62 తెచ్చుకున్న చోట 90కి ఎక్కడం కష్టం. 82 వచ్చినా 88 వచ్చినా అదే బీ మైనస్.

డాలస్ నుంచి

ఇంత లెక్క దేనికి? అల్గారిథమ్స్ అంటే ప్రొఫెసర్లు కర్వ్ చేస్తారు, అంటే క్లాసు సగటును బట్టి గ్రేడులు సర్దుతారు. క్లాసు సగటు 55 అయితే ఈ 62 మంచి మార్కే. తమ్ముడూ, ముందు సగటు ఎంతో కనుక్కో.

షార్లట్ నుంచి

అక్కా, సగటు కనుక్కోవడం మంచిదే. కానీ సిలబస్‌లో కర్వ్ అని రాసి ఉంటేనే నమ్మాలి. రాయకపోతే కటాఫ్‌లే లెక్క. 89.6ను 90 చేస్తారన్న ఆశా వద్దు.

డెట్రాయిట్ నుంచి

జేఎన్టీయూ నుంచి వచ్చేవాళ్లకు ఎక్స్‌టర్నల్ ఒక్కటే సగానికి పైన మోస్తుంది కాబట్టి, చివర్లో చదివి లాగేయొచ్చన్న నమ్మకం ఉంటుంది. ఇక్కడ ఫైనల్ వచ్చేసరికి చాలా భాగం అయిపోయి ఉంటుంది. హోంవర్కులు పది ఉంటే ఒక్కోటి 2 శాతం. 80 వచ్చినదాన్ని 100 చేయడానికి రాత్రంతా కూర్చుంటే దక్కేది 0.4. అసలు పెట్టకపోతే పోయేది మొత్తం 2. సగం చేసినా సరే, టైముకు పెట్టండి.

ఖాళీల సంగతి మరీ జాగ్రత్త. మా దగ్గర పోయిన ఫాల్ సెమిస్టర్‌లో ఒకబ్బాయికి సెమిస్టరంతా 84.3 కనిపించింది, బీ. రెండు హోంవర్కులకు డాక్యుమెంట్ లింకు పెట్టాడు, కానీ తెరిచే అనుమతి ఇవ్వలేదు. గ్రేడ్ పేజీలో అక్కడ గీత మాత్రమే ఉంది, సున్నా లేదు. గీత ఉన్నంతకాలం కాన్వాస్ దాన్ని వదిలేసి మిగిలిన ఎనిమిదింటి సగటు 95నే చూపించింది. చివరి వారం టీఏ (ప్రొఫెసర్‌కు సాయంగా మార్కులు వేసే విద్యార్థి) ఆ రెండింటికీ సున్నాలు వేశాడు. 95 కాస్తా 76 అయింది, 20 శాతం వెయిట్‌లో 3.8 పోయింది, మొత్తం 80.5, బీ మైనస్. అప్పీల్ పెడితే, తప్పు లెక్క అయితేనే చూస్తాం, అందని హోంవర్కు మా పరిధి కాదు అన్నారు డిపార్ట్‌మెంట్ ఆఫీసులో.

కాబట్టి గ్రేడ్స్ పేజీలో "గ్రేడ్ అయినవే లెక్కించు" అన్న టిక్ తీసేసి ఒకసారి చూడు. ఖాళీలన్నీ సున్నాలైతే ఎంతో తెలుస్తుంది. ఏదైనా మార్కు మీద నొక్కి ఊహించిన అంకె వేసినా మొత్తం మారి కనిపిస్తుంది, అది నీకు మాత్రమే.

డాలస్ నుంచి

సరే, కానీ సీ ప్లస్ వస్తే వీసాకే ముప్పు కదా? అల్గారిథమ్స్ డ్రాప్ చేసేయడం నయం.

డెట్రాయిట్ నుంచి

ఒక్క సీ ప్లస్‌తో వీసా పోదు. చాలా యూనివర్సిటీల్లో మొత్తం జీపీఏ 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతారు, అది యూనివర్సిటీ నియమం. అసలు చిక్కు డ్రాప్‌తోనే. తొమ్మిది క్రెడిట్లు ఆరైతే, విద్యార్థి వీసాకు ఉండాల్సిన ఫుల్‌టైమ్ పోతుంది. ముందు డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) అనుమతి ఇచ్చాకే డ్రాప్ నొక్కాలి. చదువులో ఇబ్బంది కారణంగా ఆ అనుమతి ఎంఎస్ మొత్తానికి ఒక్కసారే దొరుకుతుంది, అప్పుడు కూడా కనీసం ఆరు క్రెడిట్లు ఉండాలి. విత్‌డ్రా చివరి తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటుంది. ఫైనల్స్‌కు రెండు వారాలే ఉందంటే అది ఈపాటికే దాటిపోయి ఉండొచ్చు, ఇవాళే చూడు.