బోదకాలుకు మూడు మందులు: పాపువా న్యూగినీ ట్రయల్ మన ఊళ్లకు వర్తిస్తుందా?

పల్లెవైద్యం:
2018లో వెలువడిన ఆ ట్రయల్‌లో 182 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ఐవర్‌మెక్టిన్, డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్), ఆల్బెండజోల్ మూడూ ఒకే ఒక్కసారి. రెండో గుంపుకు డీఈసీ, ఆల్బెండజోల్ ఒక్కసారి. మూడో గుంపుకు ఆ రెండే, ఏడాదికొకసారి మూడేళ్లు. ఏడాది తిరిగేసరికి రక్తంలో మైక్రోఫైలేరియా (బోదకాలు పురుగు పెట్టే సూక్ష్మమైన పిల్లలు) కనబడనివాళ్లు వరుసగా 96, 32, 34 శాతం. మూడేళ్లకు 96, 83, 98. అంటే రెండు మందులే మూడేళ్లు సరిగ్గా మింగిస్తే కొత్త పద్ధతికి ఏమీ తీసిపోవు. పైగా మూడు మందులకు ఒక మోస్తరు దుష్ప్రభావాలు 27 శాతం, రెండింటికి 5 శాతమే. రెండు మందుల పద్ధతిని మార్చడం దేనికి?

మాత్రలలెక్క:
పల్లెవైద్యం గారూ, "సరిగ్గా మింగిస్తే" దగ్గరే చిక్కంతా ఉంది. ఊళ్లో 65 శాతం మందే మింగారనుకోండి. మూడు మందులతో మొదటి ఏడాదే 65లో 96 శాతం, అంటే ఊళ్లోని రోగుల్లో 62 శాతం శుభ్రమవుతారు. రెండు మందుల్ని 85 శాతం మంది మింగినా, 34 శాతం చొప్పున ఏడాదికి 29 దాటదు. అదే 85 శాతం మంది మూడేళ్లూ తప్పకుండా మింగితే 83కి చేరుతుంది. కానీ ఒక ఏడాది మింగినవాళ్లు మరుసటి ఏడు వలసపోతారు, కొందరు ప్రతిసారీ మాత్ర చేతిలో పట్టుకుని తలుపేసుకుంటారు. ఎప్పుడూ మింగనివాళ్ల విషయంలో ఏ మందైనా ఒకటే. అందుకే కళ్లెదుట మింగించడం తప్పనిసరి అంటాను.

క్యూలెక్స్:
ఇద్దరూ దోమను వదిలేశారు. పాపువా న్యూగినీలో వ్యాధిని మోసేది అనాఫిలిస్ దోమ, మన దగ్గర క్యూలెక్స్ దోమ. అనాఫిలిస్‌లో రక్తంలోని మైక్రోఫైలేరియా తగ్గితే వ్యాప్తి గబగబా పడిపోతుంది. క్యూలెక్స్ మాత్రం మైక్రోఫైలేరియా పలచగా ఉన్న రక్తం నుంచి కూడా బాగానే అంటిస్తుంది. కాబట్టి మిగిలిన ఆ కొద్దిమందే మనకు పెద్ద సమస్య. ఈ లెక్కన మూడు మందులు మనకే ఎక్కువ అవసరం, కానీ ఒక్క విడతతో ఆగడానికి ఆ 96 శాతాన్ని సాక్ష్యంగా చూపకూడదు.

ఇంకోటి, ఆ "కనబడలేదు" అన్నది ఎంత రక్తంలో? మందు పడ్డాక మిల్లీలీటరుకు 10 మిగిలాయనుకుంటే, 60 మైక్రోలీటర్ల స్మియర్‌లో (గాజు స్లైడు మీద పరిచిన రక్తపు చుక్కలో) సగటున 0.6 ఉంటాయి. అంటే సగానికి పైగా స్లైడ్లు ఖాళీగా వస్తాయి. చికిత్స తర్వాతి ఫాలో-అప్‌కు 1 మిల్లీలీటరు రక్తాన్ని వడపోసి చూడడమే సరైనది, అదీ రాత్రి తీసిన రక్తం. పగలు తీస్తే ఉన్నా దొరకవు. స్ట్రిప్ పరీక్ష పట్టేది యాంటిజెన్‌ని, అంటే పెద్ద పురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని. పెద్ద పురుగు బతికున్నంత కాలం అది పాజిటివ్ చూపిస్తుంది, దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోకండి.

పల్లెవైద్యం:
దోమ సంగతి ఒప్పుకుంటాను. మరి మోతాదు? ట్రయల్‌లో తూకం చూసి ఇచ్చారు: డీఈసీ కిలోకు 6 మిల్లీగ్రాములు, ఐవర్‌మెక్టిన్ 200 మైక్రోగ్రాములు. ఇక్కడ డీఈసీ వయసును బట్టి, 15 దాటితే 300 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి సరిగ్గా సరిపోతుంది, 75 కిలోల మనిషికి కిలోకు 4 మాత్రమే. ఐవర్‌మెక్టిన్ ఎత్తును బట్టి, 159 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే 3 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. 80 కిలోలవాడికి అది 150 మైక్రోగ్రాములే.

మాత్రలలెక్క:
అవును, లావుపాటివాళ్లకు తక్కువ పడుతుంది. వేల మందిని తూచే సిబ్బంది లేరు గనక కర్రమీద గీతలతో ఎత్తు చూస్తున్నారు. దుష్ప్రభావాల గురించి మాత్రం ముందే ఊరికి చెప్పాలి. చచ్చే మైక్రోఫైలేరియా వల్లే జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, అందుకే ఎక్కువ ఉన్నవాళ్లకే ఎక్కువ బాధ. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, పారాసెటమాల్ చాలు. చెప్పకపోతే మొదటి వీధిలో ఇద్దరికి జ్వరం రాగానే రెండో వీధి తలుపులు మూసుకుంటుంది. తిన్నాకే ఇవ్వాలి. గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్లకు ఈ మందులు ఇవ్వకూడదు, ఐదేళ్లలోపు పిల్లలకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు.

క్యూలెక్స్:
కర్ణాటకలోని యాద్గీర్‌లో, అంటే నారాయణపేట పక్కనే, మూడు మందుల భద్రతను పరీక్షించారు. కాబట్టి భద్రతకు పాపువా న్యూగినీ ఒక్కటే ఆధారం కాదు. నా అభ్యంతరం ఆపే నిర్ణయం గురించే: కనీసం రెండు విడతలు బాగా మింగించి, ఆ తర్వాత పెద్దవాళ్ల రాత్రి రక్తం చూడండి. పిల్లల్నే పరీక్షిస్తే, ఇంకా మందు మింగని మగవాళ్లు లెక్కలోకి రారు.