ఒరిగామి కాగితానికి ఏది పట్టించాలి: మిథైల్ సెల్యులోజా, పీవీఏనా?

కొత్తమడత:
చదరపు మీటరుకు 18 గ్రాములు తూగే టిష్యూ కాగితాలు రెండు అతికించి జంట కాగితం చేసుకున్నాను. ఆరు కాళ్లు, పొడుగాటి కొమ్ము ఉన్న పురుగు మోడల్ కోసం. మామూలు తెల్ల జిగురు, అంటే పీవీఏ, నీళ్లలో పలచన చేసి బ్రష్‌తో పట్టించాను. కాగితం గట్టిగానే వచ్చింది. కానీ మడత వేసి వదిలితే సగం తెరుచుకుంటోంది. తడి చేసి సర్దుదామంటే జిగురు మెత్తబడటం లేదు. కాళ్ల మొదట్లో పన్నెండు పొరలు పడే చోట గట్టిగా నొక్కి పట్టుకుంటే పొరలు అంటుకుపోయాయి. విప్పబోతే చిరిగింది. రెండు వారాల పని పోయింది, చాలా బాధగా ఉంది.

మిథైల్ సెల్యులోజ్, అంటే నీళ్లలో కలిపి పట్టించే పొడి జిగురు, వాడి ఉంటే ఇలా అయ్యేది కాదని ఒకరన్నారు. పలచన చేయడంలోనే పొరపాటు జరిగిందని ఇంకొకరు. లోపం జిగురులో ఉందా, నా చేతిలో ఉందా?

తడిమడత:
జిగురులోనే ఉందండి. పీవీఏ అంటే పాలీవినైల్ అసిటేట్ అనే ప్లాస్టిక్ సూక్ష్మ కణాలు నీళ్లలో తేలుతూ ఉండే ద్రవం. నీరు ఆరిపోగానే ఆ కణాలు ఒకదానిలో ఒకటి కలిసి పొర కడతాయి. ఆ పొర మళ్లీ నీళ్లలో కరగదు. వెచ్చదనానికి, ఒత్తిడికి మాత్రం మెత్తబడుతుంది. వేళ్లతో అంతసేపు నొక్కి పట్టుకుంటే పొరలు అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మిథైల్ సెల్యులోజ్ దారి వేరు. కాగితం సెల్యులోజే, ఈ పొడిని చేసేదీ సెల్యులోజ్ నుంచే. నీళ్లలో కరిగి పీచుల మధ్యకు ఇంకుతుంది, ఆరాక బిగుస్తుంది. బట్టలకు గంజి పెట్టినట్టే. తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, ఆరితే మళ్లీ బిగుస్తుంది. అకిరా యోషిజావా (1911–2005) తడిపి మడిచే పద్ధతిని తెచ్చింది ఇలాంటి గుణం మీదే ఆధారపడి. కాగితంలోని గంజి నీటికి వదులై, ఆరాక మనం ఇచ్చిన వంపును అలాగే పట్టి ఉంచుతుంది. పీవీఏతో ఆ అవకాశమే లేదు.

కలపడంలో చాలామంది మొదటిసారే విసిగిపోతారు, అందుకే వివరంగా చెబుతాను. పొడిని చల్లటి నీళ్లలో పోస్తే ఉండ కడుతుంది. పైన జిగట పట్టి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఇది వేడి నీళ్లలో కరగదు, ఆ గుణాన్నే మనం వాడుకోవాలి. కావలసిన నీళ్లలో మూడో వంతు బాగా కాచి, అందులో పొడి చల్లుతూ కలపండి. రేణువులు విడివిడిగా తడుస్తాయి. తర్వాత మిగతా నీళ్లు బాగా చల్లగా పోసి, కలిపి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడే కొద్దీ కరిగి చిక్కబడుతుంది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములతో మొదలుపెట్టండి. పొడి రకాన్ని బట్టి చిక్కదనం చాలా మారుతుంది కాబట్టి కొలత కన్నా కంటిని నమ్మండి. బ్రష్ ఎత్తితే తీగలా సాగి జారాలి.

మిడతకాళ్లు:
తడికి మెత్తబడటాన్ని తడిమడత గారు లాభంగానే చూపించారు. మోడల్ పూర్తయి అల్మరాలోకి వెళ్లాక కూడా గాలిలో తేమ ఉంటుంది కదా! నేను మిథైల్ సెల్యులోజ్‌తో చేసిన పీత, వాన రోజులు వచ్చేసరికి కాళ్లన్నీ పక్కలకు వాల్చేసింది. దాని పక్కనే ఉన్న పీవీఏ మోడల్ కదల్లేదు.

ఇంకో మాట. అల్యూమినియం రేకుకు రెండు వైపులా టిష్యూ అతికించే కాగితం సంగతి ఏమిటి? మిథైల్ సెల్యులోజ్ పీచులోకి ఇంకి పట్టుకునే జిగురు. రేకులో ఇంకడానికి పీచు ఎక్కడుంది? కొన్ని మడతలు పడేసరికి టిష్యూ లేచి వస్తుంది. అక్కడ పీవీఏ గానీ స్ప్రే జిగురు గానీ తప్పదు.

కొత్తమడత గారూ, మీరు జిగురు చిక్కగా పట్టించి ఉంటారని నా అనుమానం. ఒక వంతు జిగురుకు నాలుగైదు వంతుల నీళ్లు పోసి, ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు మడవండి. నేను ఏళ్లుగా అలాగే చేస్తున్నాను.

పలచటిపొర:
నేను పుస్తకాల బైండింగ్, పాత కాగితాల మరమ్మతు చేస్తాను. ఇక్కడ మూడు పనులు కలగలిసిపోయాయి అనిపిస్తోంది. కాగితానికి బిగువు ఇవ్వడం, రెండు కాగితాలను కలపడం, మడిచిన దాన్ని కదలకుండా నిలపడం. మూడింటికీ ఒకే డబ్బా వాడాలనుకుంటే ఎవరో ఒకరు నిరాశపడక తప్పదు.

బిగువుకు మిథైల్ సెల్యులోజ్ మంచిది. పాత పత్రాల సంరక్షణలోనూ దాన్ని వాడతారు. బూజు, పురుగు దాని జోలికి అంతగా రావు. కానీ జిగురుగా అది బలహీనమే, ఆ మాట ఒప్పుకోవాలి. కలపడానికి బలం కావాలంటే ఉడికించిన గోధుమ గంజి ఉంది. నీటితో మళ్లీ విడదీయవచ్చు. అయితే నిల్వ ఉండదు, బూజు పడుతుంది, పురుగులకు ఇష్టం. అందుకే రెండూ కలిపి వాడే అలవాటు మా పనిలో ఉంది. స్ప్రే జిగురుతో చేసినవి ఏళ్లు గడిచాక పసుపెక్కి, పొరలు విడిపోవడం చూశాను. మామూలు పీవీఏ కూడా కాలం గడిచే కొద్దీ ఆమ్లం వదులుతుంది. పదేళ్లు ఉండాల్సిన మోడల్ అయితే ఆమ్లరహిత పీవీఏ అడిగి తీసుకోండి.

జిగురు ఎంపిక కన్నా ఆరబెట్టే తీరు మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. శుభ్రమైన గాజు పలక మీద మొదటి టిష్యూ పరిచి, మధ్య నుంచి అంచులకు బ్రష్ లాగండి. గాలి బుడగలు బయటికి పోవాలి. రెండోది పైన వేసేటప్పుడు రెండింటి పీచు వరుస ఒకే దిశలో ఉండేలా చూడండి. తడిసిన కాగితం వరుసకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. వరుసలు తప్పితే ఆరాక కాగితం ముడుచుకుంటుంది. పూర్తిగా ఆరే వరకు గాజు మీద నుంచి లేపవద్దు. చదరంగా కోయడం అన్నిటికన్నా చివర, ఎందుకంటే ఆరేటప్పుడు కొలతలు మారతాయి.

కొత్తమడత:
నాకు దొరికిన పొట్లం మీద కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అని ఉంది. అదీ ఇదీ ఒకటేనా?

తడిమడత:
ఒకటి కాదు. అది సోడియం లవణం, చల్లటి నీళ్లలోనూ వేడి నీళ్లలోనూ కరుగుతుంది, కాబట్టి వేడి నీళ్ల పద్ధతి దానికి పనికిరాదు. ఉండ కట్టకుండా చల్లటి నీళ్లలో కొంచెం కొంచెంగా చల్లుతూ గట్టిగా గిలకొట్టండి. మడవడానికి ఇబ్బందేమీ లేదు, చాలామంది వాడతారు. గోడకాగితం జిగురు పొడి మాత్రం తీసుకోవద్దు. అందులో బూజు మందు, ఇతర జిగుర్లు కలిసి ఉండవచ్చు, గంటల తరబడి వేళ్లతో తాకే కాగితం ఇది.

రేకు విషయంలో మిడతకాళ్లు గారి మాటే సరైనది, ఒప్పుకుంటున్నాను. కానీ వాన రోజుల్లో కాళ్లు వాలడానికి తప్పంతా జిగురుదే అంటే ఒప్పుకోను. కాగితం పీచే తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏ జిగురు పట్టించినా. కాళ్లను తడిపి వంచి, ఆరేదాకా క్లిప్పులతో పట్టి ఉంచారా?

మిడతకాళ్లు:
రెండు రోజులు క్లిప్పులతోనే ఉంచానండి. తర్వాతే వాలిపోయాయి. రెండు మోడళ్ల కాగితం ఒకటి కాదు, అది నిజం. అయినా పొడుగ్గా, సన్నగా, గాలిలో నిలబడే కాళ్లకు నేను పీవీఏనే నమ్ముతాను.

కొత్తమడత:
అందరూ చెప్పింది విన్నాక ఒకే టిష్యూతో నాలుగు పట్టీలు చేశాను. ఒకటి ఉత్తది, మిగతా మూడింటికి మిథైల్ సెల్యులోజ్ (తెలిసినవాళ్లు కొంచెం ఇచ్చారు), ఒక వంతుకు అయిదు వంతుల నీళ్లతో పలచన చేసిన పీవీఏ, గోధుమ గంజి ఒక్కోదానికి ఒక్కోటి పట్టించాను. విసనకర్రలా ఒకే వెడల్పు మడతలు వేసి, అరగంట నొక్కి వదిలాను.

ఉత్తది మెత్తగా విడిపోయింది. పీవీఏ ఈసారి పొరలకు అంటుకోలేదు, అంటే పోయినసారి చిక్కగా పట్టించింది నిజమే. కానీ స్ప్రింగులా తెరుచుకుంది. మిథైల్ సెల్యులోజ్ మడత వేసిన చోటే ఉంది, వేలితో కాస్త తడి రాస్తే వంపు కూడా తిరిగింది. గంజిది అన్నిటికన్నా గట్టి, మడత అంచున సన్నగా పగిలింది. అది నేను మందంగా పూసినందుకేనేమో.

కాబట్టి కాగితానికి మిథైల్ సెల్యులోజ్. కాళ్ల మొదట్లో, బయటికి కనబడని పొరల మధ్య, అంతా పూర్తయ్యాక పుల్లతో చుక్క పీవీఏ. పలచటిపొర గారూ, ఒక్క సందేహం. పై టిష్యూ ముదురు ఎరుపు. తడిస్తే రంగు దిగుతుందా?

పలచటిపొర:
కొన్ని దిగుతాయి, అందులో ఎరుపు మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ఒక మూల కత్తిరించి తడిపి, తెల్ల కాగితం మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. ఆరాక తీసి చూడండి. మరక పడితే ఆ టిష్యూ వద్దు, వేరేది తెచ్చుకోండి. తెల్ల పొర గులాబీ రంగుకు మారితే ఏ జిగురూ దాన్ని వెనక్కి తేలేదు.