26 కిలోల బస్తాలో బియ్యపు గింజలెన్ని?

కావలి_తొమ్మిదో_క్లాసు: సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఈ లెక్క తేల్చాలన్నా. 500 గింజలకు రంగేసి బస్తాలో కలిపి, ఒక గ్లాసుడు తీసి, అందులో రంగువి ఎన్నొచ్చాయో చూస్తే చాలా?

ఒంగోలు_లెక్కలు: చాలదబ్బాయ్. సన్నబియ్యం 100 గింజలు 1.4 గ్రాములు తూగాయనుకో, బస్తాకి 18 లక్షల పైమాటే. సెకనుకొకటి లెక్కపెట్టినా, నిద్రాహారాలు మానుకుని 21 రోజులు కూర్చోవాలి! అందులో 500 అంటే 3,700కి ఒకటి. గ్లాసులో రెండో మూడో వస్తాయి, ఒకటి అటూఇటూ అయితే జవాబు లక్షల్లో మారిపోద్ది.

అరకిలో శనగలు తీసుకోండి. 100 శనగలు 22 గ్రాములుంటే మొత్తం 2,270 దాకా ఉంటాయి. 400 గింజలకు మార్కర్‌తో చుక్క పెట్టండి. రంగునీళ్లలో ముంచొద్దు, ఉబ్బిన గింజ మిగతావాటితో సరిగా కలవదు. బాగా కలిపి, చూడకుండా 400 తీయండి. గుర్తువి 70 వచ్చాయా, గుర్తు పెట్టినవి × తీసినవి ÷ అందులో గుర్తువి, అంటే 400 × 400 ÷ 70 = 2,286. పది శాతం తేడా మామూలే. తర్వాత అన్నీ లెక్కపెట్టి సరిచూడొచ్చు, బస్తాతో అది కుదరదు.

విత్తనాల_ల్యాబ్: బస్తానే కావాలంటే తూకమే దారి. కిరాణా కాటా అంత చిన్న తూకం సరిగా పట్టదు, బంగారం కొట్లో కాటా కావాలి. వందేసి గింజలు 8 సార్లు తూచి సగటు తీయండి. పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా తీయాలి, నూకలు కిందికి జారతాయి.

ఇందుకూరుపేట_చెరువులు: రొయ్యల చెరువులో ఈ చుక్కల పద్ధతి పనికిరాదు సామీ. రొయ్య పొర విడిచిందంటే గుర్తూ దాంతోనే పోయె. గుర్తువి తక్కువ దొరికేకొద్దీ లెక్క పెరిగిపోద్ది, లేని రొయ్యలకి మేతేసుకుంటాం. చెక్ ట్రేలో (మేత పెట్టి చెరువులో దించే పళ్లెం) పడినవాటిని బట్టి కూడా చెప్పలేం, ఆకలిగా ఉన్నవే అక్కడికొస్తాయి. నాలుగు మూలలా, మధ్యలో విసురువల వేయాల్సిందే.

ఒంగోలు_లెక్కలు: ఇదేం పిచ్చి లెక్కని ఎవరన్నా నవ్వితే 2006 ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చేది) గణిత బహుమతి గురించి చెప్పు. గ్రూప్ ఫోటోలో ఎవరూ కళ్లు మూయకూడదంటే ఎన్ని ఫోటోలు తీయాలో ఆస్ట్రేలియా వాళ్లు లెక్కగట్టారు. 20 మందిలోపైతే మనుషుల సంఖ్యని 3తో భాగించాలి, వెలుతురు చాలకపోతే 2తో.

కావలి_తొమ్మిదో_క్లాసు: బస్తా లెక్కలో నూకలు కూడా గింజలేనా?

విత్తనాల_ల్యాబ్: సగం కన్నా పెద్దదైతే గింజ అనుకోండి, కానీ ఆ మాట చార్టు మీద ముందే రాయండి. తీసిన బియ్యంలో చిన్న నూకల్ని ఏరి విడిగా తూచి, బస్తా బరువులోంచి అంత శాతం తీసేశాకే ఒక్కో గింజ సగటు బరువుతో భాగించండి.