పెద్దవాళ్ళకు మెదడు ఆటల మీద ఆసక్తి దేనివల్ల కలుగుతుంది?

గోదావరి_గట్టు:
మా నాన్నగారికి 72. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఈమధ్య పేర్లు తట్టడం లేదని టెన్షన్ పడుతుంటే ఫోన్లో బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ ఎక్కించి ఇచ్చాను. నాలుగు రోజులాడి వదిలేశారు. "గడియారం పెట్టి పరీక్ష రాయించే వయసుట్రా నాది?" అన్నారు. అదే మనిషి ఆదివారం పేపర్లో గళ్ళ నుడికట్టు పట్టుకుంటే కాఫీ చల్లారిపోయినా చూసుకోరు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు దేనికి అలవాటు పడ్డారు?

ఓరుగల్లు_ఆడబిడ్డ:
మా అమ్మకు యాప్‌లో సూచనలే అడ్డమయ్యాయి. అన్నీ ఇంగ్లీషులో, సన్నటి అక్షరాల్లో. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు, పెద్ద చప్పుడు. మూడోసారికి ఫోను బోర్లా పెట్టేసింది.

వేసవి సెలవుల్లో మా పాప అటక మీంచి వామనగుంటల పీట దింపించింది. ఏ గుంటలో గింజలు తీస్తే పంపకం ఎక్కడ ఆగుతుందో అమ్మ చెయ్యి పెట్టకముందే చూసేస్తుంది. ఇప్పుడు తనే "రావే, నేర్పిస్తా" అని పాపను రోజూ పిలుస్తోంది. తనకు వచ్చింది ఇంకొకరికి నేర్పడంలో ఉన్న హుషారు అమ్మలో కళ్ళారా చూశాను.

పెన్షనర్_68:
నాది ఆ వయసే కాబట్టి చెబుతున్నాను. మా అన్నయ్యకు మతిమరుపు జబ్బు వచ్చి, చివర్లో నన్ను గుర్తుపట్టలేదు. ఆ భయంతో సుడోకు పట్టుకున్నాను. కానీ ఒక్క గడి తప్పినా "నాకూ మొదలైందా" అని గుండె జారిపోయేది. నెలలో మానేశాను. ఇప్పుడు పార్కులో నలుగురం చదరంగం ఆడుతున్నాం. ఒకపూట వెళ్ళకపోతే ఫోన్లు వస్తాయి. ఆ పిలుపు కోసమే వెళ్తాను.

సైకాలజీ_విశాఖ:
అమెరికాలో యాక్టివ్ అనే అధ్యయనంలో 65 ఏళ్ళు, ఆపైబడిన 2,832 మంది పాల్గొన్నారు. జ్ఞాపకశక్తి, తర్కం, చూసి గ్రహించే వేగం, వీటిలో ఒక్కో బృందానికి ఒక్కోటి పది తరగతుల్లో నేర్పారు. పదేళ్ళ తర్వాత కూడా తర్కం, వేగం నేర్చినవాళ్ళకు ఆ పనుల్లో కొంత మెరుగు మిగిలింది. జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితం మాత్రం నిలవలేదు. అందుకని "ఇది ఆడితే మతిమరుపు రాదు" అని పెద్దవాళ్ళకు దయచేసి మాటివ్వకండి.

ఇంకోటి, వినికిడి పరీక్ష చేయించండి. సరిగ్గా వినపడని పేరు గుర్తెలా ఉంటుంది? డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బుపై 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం) చెప్పిన 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపం కూడా ఉంది.

గోదావరి_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. యాప్ తీసేశాను. ఇవాళ నాన్నగారి పక్కన కూర్చుని "అడ్డం 7, నాలుగక్షరాలు, ఏంటి నాన్నా?" అని అడిగాను. చెప్పలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "మొదటి అక్షరం 'స'. ఇక నువ్వే ఆలోచించు" అన్నారు. గురువారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.