బందరు కోఠీ దుబాసీ మా పూర్వీకుడంటారు: ఆయన జాడ ఏ రికార్డుల్లో దొరుకుతుంది?

నల్లకుంటవాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా పూర్వీకుల్లో ఒకాయన 1760ల్లో బందరు కోఠీలో, అంటే వర్తక స్థావరంలో, ఇంగ్లీషు కంపెనీ దొరల దగ్గర దుబాసీగా (మాటలు తర్జుమా చేస్తూ వ్యవహారాలు చూసే మధ్యవర్తిగా) చేశాడని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. సొంతూరు గుడివాడ దగ్గర ఒక పల్లె. ఇప్పుడు ఉండేది హైదరాబాదులో. ఆధారాలంటూ చేతిలో ఉన్నవి మూడే. మా పెదతాతగారు నోటుబుక్కులో రాసిపెట్టిన వంశవృక్షం ఒకటి, అందులో ఈయన నాకు పైన ఏడో మెట్టు. 1861 నాటి ఇనాం భూమి టైటిల్ డీడ్ నకలు ఇంకొకటి, టీడీ నంబరు చదవడానికి వీలుగానే ఉంది. మూడోది ఒక ఫార్సీ కాగితం. పైన గుండ్రటి ముద్ర, ముద్రలో 1179 అనే అంకె ఉన్నాయి. హిజ్రీ 1179 అంటే 1765 కదా, కాగితం కూడా ఆ ఏటిదే అనుకుంటున్నాం.

బ్రిటిష్ ఇండియా కుటుంబాల డేటాబేసులు రెండింటిలో రకరకాల స్పెల్లింగులతో వెతికాను. ఒక్కటీ తగల్లేదు. లండన్ రికార్డులకు డబ్బు కట్టాలా, చెన్నై వెళ్లాలా, మన తార్నాక ఆర్కైవ్స్‌లోనే ఏమైనా దొరుకుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

పాతదస్త్రం జవాబు

ఆ డేటాబేసుల్లో తగలకపోవడంలో ఆశ్చర్యం లేదండీ. అవి ఎక్కువగా బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు, వీలునామాల మీద కట్టినవి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిటర్నులు 1698 నుంచి ఉన్నాయి గానీ వాటిలోకి ఎక్కింది యూరోపియన్లు, వాళ్ల సంతానం, క్రైస్తవం పుచ్చుకున్న కొందరు మాత్రమే. హిందూ దుబాసీ పుట్టుకా చావూ కంపెనీకి అక్కర్లేదు. డబ్బు కట్టినా ఫలితం అదే.

కంపెనీ కాగితాల్లో మనవాళ్లు తమ పేర్ల కింద ఉండరు, దొరల కాగితాల లోపల ఉంటారు. కాబట్టి మీ పూర్వీకుడి పేరు పక్కన పెట్టి, ఆయన ఏ దొర దగ్గర చేశాడో ముందు తేల్చండి. దానికి ముందు ఇంకో సంగతి తేలాలి. దుబాసీల్లో రెండు రకాలున్నారు. కోఠీకి కంపెనీ పెట్టుకున్న దుబాసీకి జీతం కంపెనీ ఖాతాలోంచి వెళ్తుంది, అతను కోఠీ ఖర్చుల లెక్కల్లో కనబడతాడు. దొర సొంతానికి పెట్టుకున్న దుబాసీ, అంటే ఆయన ప్రైవేటు వ్యాపారం, అప్పులు, ఇంటి ఖర్చు చూసేవాడు, ఆ లెక్కల్లో ఒక్క గీతగా కూడా ఉండడు. ఇంట్లో చెప్పుకునే దుబాసీలు చాలామంది ఈ రెండో రకమే. జీతాల జాబితాలో పేరు లేదని కథ అబద్ధమని తేల్చేయకండి.

రెండో రకం దుబాసీ బయటపడేది గొడవల్లో. దొర చనిపోతే ఆస్తి జాబితా వేస్తారు, అందులో ఎవరికి ఎంత బాకీ అన్నది ఉంటుంది. దుబాసీ చాలాసార్లు అప్పు ఇచ్చినవాడే కాబట్టి పేరు అక్కడికి వస్తుంది. వీలునామాలో 'నా దుబాసీ ఫలానాకి ఇన్ని పగోడాలు (వరహాలు)' అని రాయించిన దొరలూ ఉన్నారు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల కింద వీలునామాలు ఎల్/ఏజీ/34/29 వరసలో, ఆస్తి జాబితాలు ఎల్/ఏజీ/34/27 వరసలో ఉంటాయి. ఇంకా పాతవి మద్రాసు మేయర్స్ కోర్టు సంపుటాల్లో వెతకాలి. ఆ కోర్టుతో ఒక చిక్కుంది. 1753 చార్టరు తర్వాత వాది ప్రతివాదులిద్దరూ భారతీయులైతే, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప కేసు తీసుకోరు. మీ ఆయన ఇంకో తెలుగువాడి మీద వేసిన దావా అక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. దొర మీద వేసినదైతే దొరకవచ్చు.

దొరను పట్టుకోవడం కష్టం కాదు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి తీసుకున్నాడు. అప్పటి నుంచి 1794లో కలెక్టర్లు వచ్చేదాకా అక్కడ పెద్ద దొర అంటే చీఫ్, ఆయనకు తోడు కౌన్సిల్. 1741 నుంచి మద్రాసు సివిల్ ఉద్యోగుల సర్వీసు వివరాలు అచ్చులో ఉన్నాయి. వాటిలోంచి 1759-1794 మధ్య బందరులో చేసిన చీఫ్‌లు, కౌన్సిల్ సభ్యుల పేర్లూ తేదీలూ ఒక కాగితం మీదకు ఎక్కించండి. చీఫ్ మారిన ప్రతిచోటా ఏడాది ముందు, ఏడాది తర్వాత గుర్తు పెట్టుకోండి. కొత్త చీఫ్ రాగానే పాత చీఫ్ దుబాసీ మీద జమీందార్లు, వర్తకులు అర్జీలు పెట్టేది ఆ సమయంలోనే. అర్జీ మద్రాసుకు పోతుంది, కౌన్సిల్ సమావేశం పుస్తకంలో నకలవుతుంది. ఆ పుస్తకాలనే కన్సల్టేషన్స్ అంటారు, ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఫోర్ట్ సెయింట్ జార్జ్ రికార్డుల పాత సంపుటాలు కొన్ని అచ్చయ్యాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు. చెన్నై టికెట్టు కొనేముందు వాటిని చూసేయండి. 1780ల సర్క్యూట్ కమిటీ నివేదికలు కూడా మీకు పనికొస్తాయి. సర్కారుల్లో ఎవరు ఏ అధికారం చెలాయించారో ఊరూరా తిరిగి విచారించిన కాగితాలవి.

వెతికేటప్పుడు ఇంటిపేరు మరచిపోండి. కంపెనీ గుమాస్తాలు ఇంటిపేరు రాయడం అరుదు. పేరు, దాని పక్కన బ్రామినీ (బ్రాహ్మణుడు) అనో కోమిటీ (కోమటి) అనో రాస్తారు. తెలుగువాళ్లను మొత్తంగా జెంటూలు అంటారు. వెంకటాచలం అన్న పేరు వింకటాచెల్లమ్, వెన్‌కటాచిలం, ఒక్కోచోట చెల్లమ్ మాత్రమే అయి ఉంటుంది, ఒకే పేజీలో రెండు రకాలుగా కూడా. మొదటి అక్షరం వి కావచ్చు, డబ్ల్యూ కావచ్చు. పేరును గట్టిగా పలికి, తెలుగు రాని చెవికి ఎలా వినబడుతుందో అలా రాసి చూడండి.

పెద్దపేర్ల దగ్గర ఒక హెచ్చరిక. ఉత్తర సర్కారుల వ్యవహారంలో కంపెనీ తరఫున నిజాం దర్బారుతో మాట్లాడిన కాండ్రేగుల జోగిపంతులు లాంటివారు రికార్డుల్లో పదేపదే తగులుతారు. పేరు కలిసిందని వంశం కలపకండి. ఊరు, తండ్రి పేరు, భూమి, ఈ మూడింటిలో రెండైనా కలవాలి.

శికస్తా జవాబు

ఫార్సీ కాగితం గురించి మాత్రమే చెబుతాను. ముద్రలోని సంవత్సరం కాగితం రాసిన సంవత్సరం కాదండీ. అధికారికి బిరుదో పదవో వచ్చి ముద్ర చెక్కించుకున్న ఏడు అది. అదే ముద్రను పదేళ్లయినా వాడతారు. 1179 చెప్పేది ఒక్కటే, కాగితం 1765 జూన్‌కు ముందుది కాదు. అసలు తేదీ చివరి వరసల్లోనో వెనకవైపు దస్తూరీల్లోనో ఉంటుంది. హిజ్రీ సంవత్సరానికి బదులు చాలాసార్లు జులూస్ లెక్క ఇస్తారు, అంటే పాదుషా సింహాసనం ఎక్కిన ఏటి నుంచి లెక్క. షా ఆలం మొదటి జులూస్ 1759-60లో పడుతుంది. హిజ్రీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చడానికి 0.97తో గుణించి 622 కలపండి, ఏడాది తేడాలో సరిపోతుంది.

ఇంకోటి, అది అసలు సనదా (భూమో హక్కో ఇస్తూ రాసిన పత్రమా), నకలా? కుటుంబాల్లో మిగిలినవి ఎక్కువగా ఖాజీ ముద్ర వేసిన నకళ్లు. 'ముతాబిక్ అస్ల్', అంటే అసలుకు సరిపోయింది అన్న మాట ముద్ర దగ్గర ఉందేమో చూపించండి. ఉంటే ఆ ముద్ర ఖాజీది, అందులోని సంవత్సరం నకలు కాలానికి సంబంధించినదే. సనదు ఇంకా పాతదై ఉండొచ్చు.

రాత శికస్తా, అంటే ఫార్సీ గొలుసుకట్టు రాత, అయితే చుక్కలుండవు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. సొమ్ము, భూమి విస్తీర్ణం మామూలు అంకెల్లో కాకుండా రఖం గుర్తుల్లో ఉంటాయి, అవి అరబ్బీ సంఖ్యా పదాల పొట్టి రూపాలు. ఉర్దూ బాగా చదివేవారు కూడా ఇక్కడ ఆగిపోతారు, తప్పు చదివి నమ్మకంగా చెప్పేవారూ ఉన్నారు. ఉస్మానియా ఫార్సీ విభాగంలో గానీ, గచ్చిబౌలి ఉర్దూ యూనివర్సిటీలో గానీ, తార్నాక ఆర్కైవ్స్‌లో ఫార్సీ దస్త్రాలు చూసేవారికి గానీ చూపండి. వీలైతే ఇద్దరి చేత విడివిడిగా చదివించండి.

దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికీ జిగురుకీ సిరా పోతుంది, మళ్లీ విప్పడం కుదరదు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా రెండు వైపులా ఫొటో తీయండి. ముద్రను విడిగా, దగ్గరగా తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి.

కరణంగారి_మనవడు జవాబు

పైన ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, మీ చేతిలో ఉన్న మూడింటిలో విలువైనది టైటిల్ డీడే. మొదలు అక్కడే పెట్టండి.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ప్రతి ఇనామునూ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఎక్కించారు, ఆఫీసుల్లో ఐఎఫ్ఆర్ అంటారు. మీ టైటిల్ డీడ్ ఆ విచారణ ఫలితంగా వచ్చినదే. డీడ్‌లో 1861 నాటి ఇనాందారు పేరు ఉంటుంది, అంతే. రిజిస్టరులో అయితే మూల గ్రహీత ఎవరు, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ సనదు చూపించారు, ఇప్పుడు అనుభవిస్తున్నవారు ఎవరు అన్నవి విడివిడిగా ఉంటాయి. మీ ఫార్సీ కాగితాన్ని ఆ రోజు కమిషన్ ముందు పెట్టి ఉంటే దాని వివరం కూడా అందులో పడి ఉండాలి. గ్రామం పేరు, టీడీ నంబరు రాసి ధ్రువీకరించిన నకలు కోసం జిల్లా రెవెన్యూ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. తర్వాతి కాలపు డైగ్లాట్ రిజిస్టరు కూడా అడగండి, పాత సర్వే నంబరు కొత్త నంబరు కలపడానికి అది కావాలి. గ్రామం పేరు 1860ల నాటిది రాయాలి. శివారు పల్లె తర్వాత విడి రెవెన్యూ గ్రామమై ఉంటే కొత్త పేరుతో 'రికార్డు లేదు' అని తిప్పి పంపేస్తారు.

రిజిస్టరులో సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటే 590 కలపండి. ఫసలీ 1190 అంటే 1780-81. ఉత్తరాది ఫసలీకి లెక్క వేరు, ఇంటర్నెట్‌లో 592 అని కనబడేది అదే, మనకు పనికిరాదు.

ఇక ఏడో మెట్టు సంగతి. 1765లో పదవిలో ఉన్నాడంటే 1730 ప్రాంతంలో పుట్టి ఉండాలి. మీరు 1980ల్లో పుట్టారనుకుంటే మధ్యలో 250 ఏళ్లు. ఏడు మెట్లతో భాగిస్తే తరానికి 36 ఏళ్లు పడుతోంది. అసాధ్యం కాదు గానీ, అన్ని తరాల్లోనూ అంత రావడం కష్టం. తొమ్మిది మెట్లయితే 28, అది నమ్మదగ్గ లెక్క. రెండు తరాలు ఎలా జారతాయంటే, మనవడికి తాత పేరు పెడతాం కదా. వరసలో అదే పేరు రెండుసార్లు వచ్చినప్పుడు నకలు రాసేవారు పొరపాటనుకుని ఒకటి తీసేస్తారు, మధ్యలోని తండ్రి కూడా దానితో పోతాడు. మీ వృక్షంలో పేర్లు ఒకటి విడిచి ఒకటి తిరిగి రావడం ఎక్కడ ఆగిందో చూడండి, జారింది అక్కడే కావచ్చు. దత్తతలు కూడా గమనించండి, పెంచుకున్నవాడి అసలు ఇంటిపేరు వేరు.

ఈ లోటు పూడ్చడానికి ఇంట్లోనే ఒక ఆధారం ఉండొచ్చు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు గోత్రంతో చెబుతాం. మీ ముత్తాతగారు తిథులు రాసుకున్న పుస్తకమో, ఆ ఇంటి పురోహితుల దగ్గర చీటీయో దొరికితే, ఆయన పైన ఇంకో మూడు తరాలు ఒకేసారి వచ్చేస్తాయి.

నల్లకుంటవాసి

చాలా కృతజ్ఞతలండీ. ఐఎఫ్ఆర్ నకలుకు దరఖాస్తు పెడతాను. ఒక సందేహం: తార్నాకకు ఫార్సీ చదివించడానికి తప్ప వేరే పని లేదా? చెన్నై వెళ్తే ఆ ఇంగ్లీషు చేతిరాత మామూలువాళ్లకు అర్థమవుతుందా?

పాతదస్త్రం జవాబు

తార్నాక సంగతి మీ ఊరు ఏ ఏట ఎవరి కింద ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1753కు ముందు ఎక్కువ భాగం నిజాం కింద. ఆ ఏడు నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు, కాబట్టి 1759 దాకా ఫ్రెంచి కాగితాలు, ఫ్రాన్సులో ఎక్స్ అనే పట్టణంలో ఉన్న విదేశీ ప్రాంతాల ఆర్కైవ్స్. 1759లో బందరు, చుట్టుపక్కల కొన్ని పరగణాలు కంపెనీకి వచ్చాయి, మిగతావి 1765లో పాదుషా ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం తర్వాత. కృష్ణకు దక్షిణాన గుంటూరు సర్కారు మాత్రం 1788 దాకా నిజాం వైపే ఉంది. మీ వాళ్లకు కృష్ణకు అవతల భూమి ఉంటే తార్నాకలో దఫ్తర్-ఎ-దీవానీ, దఫ్తర్-ఎ-మాల్ అనే నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు అడగాలి. లేకపోతే అక్కడ జిల్లా రికార్డులే మీకు ముఖ్యం. బందరు జిల్లావి 1835 దాకా ఉన్నవాటికి మద్రాసు ప్రభుత్వం ఒక గైడు అచ్చువేసింది. దాంట్లోంచి సంపుటం నంబర్లు ఎత్తి రాసుకుని తార్నాకకూ చెన్నైకీ రెండుచోట్లకూ ముందే ఉత్తరం రాయండి. రాష్ట్రాలు విడిపోయినప్పుడల్లా సంపుటాలు చేతులు మారాయి. నంబరు లేకుండా 'మా తాతగారి కాగితాలు' అంటే ఎక్కడా పని జరగదు.

చేతిరాత వారం రోజుల్లో అలవాటవుతుంది. ఎస్ అక్షరం మాట మధ్యలో ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది, మసులిపటం మఫులిపటంలా కనబడుతుంది. ఇన్‌స్టంట్ అంటే ఈ నెల, అల్టిమో అంటే గడిచిన నెల, డిట్టో అంటే పైనున్నదే. తేదీల్లో పెద్ద పొరపాటు 1752కు ముందు జరుగుతుంది. అప్పటిదాకా ఇంగ్లీషువాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు. 1740 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1741. పైగా ఆ 1752 సెప్టెంబరులో 2 తర్వాత 14 వచ్చింది. ఫ్రెంచివాళ్లు అంతకు ఎంతో ముందే కొత్త క్యాలెండరులోకి మారిపోయారు, అందుకే ఒకే సంఘటనకు ఇద్దరి కాగితాల్లో 11 రోజుల తేడా కనబడుతుంది. అవి రెండు సంఘటనలని అనుకోకండి.

సొమ్ము స్టార్ పగోడాల్లో ఉంటుంది, మన వరహా. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా. రూపాయల్లోకి 100 పగోడాలు 350 రూపాయలన్నది 1818 నాటి లెక్క, 1760ల మొత్తాలకు దాన్ని వాడొద్దు.

చూసిన ప్రతి సంపుటం నంబరు, తేదీల పరిధి, ఏమీ దొరకకపోయినా సరే, రాసి పెట్టుకోండి. ఐఎఫ్ఆర్ నకలు వచ్చాక మూల గ్రహీత పేరు, ఇచ్చిన సంవత్సరం ఇక్కడ పెడితే ఏ చీఫ్ కాలంలో వెతకాలో చూద్దాం.