రెనసాన్స్ అచ్చుబొమ్మలల్ల దేవతలు: స్త్రీ గౌరవానికి సాక్ష్యమేనా?

తోరణం, హన్మకొండ:
డిగ్రీ పిల్లల కోసం గోడ ప్రదర్శన పెడుతున్నం. 1500 ప్రాంతపు (రెనసాన్స్ కాలం) యూరప్ ఎన్‌గ్రేవింగులల్ల, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద తీసిన అచ్చుబొమ్మలల్ల, రోమన్ దేవతలు వీనస్, జూనో, మినర్వా మస్తుగ కనిపిస్తరు. అంటే అప్పటి సమాజం ఆడవాళ్లను గౌరవించిందని రాయొచ్చా? రాగిరేకు పని మన పెంబర్తి పని లెక్కనే అని చెప్పొచ్చా?

సిరాచుక్క:
అట్ల రాయకండి సార్. చిత్రకారుడు రఫాయేల్ రూపకల్పనకు మార్కాంటోనియో రైమొండి చెక్కిన ‘పారిస్ తీర్పు’ (సుమారు 1510–20) చూడండి. పారిస్ అంటే ఊరు కాదు, ముగ్గురు దేవతలల్ల ఎవరు అందగత్తెనో తేల్చిన కథల రాకుమారుడు. నెమలి ఉన్నామె జూనో, కిరీటం అందుకునేది వీనస్. తెలివికి దేవత మినర్వా మనకు వీపు తిప్పి నిలబడ్డది, డాలు, శిరస్త్రాణం నేల మీదున్నయ్. కింద లాటిన్‌ల ఏమున్నదంటే, అందం ముందట తెలివి, సద్గుణం, రాజ్యం, బంగారం అన్నీ వెలవెలపోతయట! ఈ రాత కత్తిరించకుండ అచ్చు తీయండి. బొమ్మ వెడల్పు దాదాపు 44 సెం.మీ., ఏ3 కాగితం 42 మాత్రమే.

దేవత పేరు ముసుగు కూడా. 1524ల ‘ఇ మోది’ శృంగార బొమ్మలు చెక్కినందుకు ఇదే మార్కాంటోనియోను పోప్ ఏడవ క్లెమెంట్ జైల్ల పెట్టించిండు. 1527ల కరాల్యో అనే ఇంకో చెక్కుడాయన అసొంటి శృంగారాన్నే ‘దేవతల ప్రేమలు’ అనే పేరుతోని చెక్కితే అవి మంచిగనే చలామణి అయినయ్.

రాగిరేకు:
జర్మన్ కళాకారుడు డ్యూరర్ చెక్కిన బట్టల్లేని ఆడవాళ్ల బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టండి. ‘నెమెసిస్’ అనే ప్రతీకార దేవత (సుమారు 1501–02): రెక్కలు, ఒక చేతిల పాత్ర, ఇంకో చేతిల కళ్లెం. ‘నలుగురు స్త్రీలు’ (1497): కాళ్ల దగ్గర పుర్రె, ఎడమ దిక్కు మంటలల్ల దయ్యం. చేతి వస్తువు మారితే దేవత, చుట్టూ ఉన్నది మారితే మంత్రగత్తె. మొదటిది 33 × 23, రెండోది 19 × 13 సెం.మీ.; ప్రొజెక్టర్ మీద రెండూ ఒకే సైజుల చూపిస్తే ఆ తేడా మొత్తం పోతది.

పెంబర్తిల ఇత్తడి రేకును కొట్టి బొమ్మను లేపుతరు. ఇక్కడ రాగిని తీసేస్తరు. బ్యూరిన్ అనే ఉక్కు ఉలి పిడిని అరచేతికి ఆనించి ముందుకు నెడుతరు, వంపు కోసం రేకునే తిప్పుతరు. గాడిల సిరా నింపి, పైసిరా తుడిచి, తడి కాగితంతోని ప్రెస్‌ల నడుపుతే బొమ్మ అద్దంల లెక్క కుడి ఎడమలు మారి పడుతది. రేకు అరిగితే సన్నగీతలు ముందు పోతయ్, ఒళ్లు తెల్లగ, చదునుగ కనిపిస్తది. అట్లాంటి ప్రతిని చూసి “కోమలంగ చెక్కిండు” అని రాసేటోళ్లు చానామంది.

తోరణం, హన్మకొండ:
మరి రామప్ప మదనికల ఫొటో పక్కన పెడితే?

సిరాచుక్క:
పోలిక కోసమైతే వద్దు. అవి 1213 నాటి గుడి చూరు కింద, వచ్చినోళ్లందరి కండ్ల ముందుండే రాతి బొమ్మలు. ఇవి కొనుక్కొని ఇంట్ల, పుస్తకంల దాచుకొని చూసే కాగితాలు. ఆ చోటుల డయానా మంతువానా (దేవత కాదు, ఎన్‌గ్రేవింగులు చెక్కిన ఆడమనిషి) పనిని పెట్టండి. తండ్రి దగ్గర చెక్కుడు నేర్చుకున్న ఈమె 1575ల పోప్ పదమూడవ గ్రెగొరీ నుంచి అచ్చు హక్కు తెచ్చుకున్నది. అదే ఏడు ప్రేమ దేవుడు క్యూపిడ్, సైకీల పెండ్లి విందును మూడు రేకుల మీద తన పేరుతోనే తెచ్చింది. చిత్రకారుడు జూలియో రొమానో రూపకల్పన అది, ఆయన పేరు కూడా రాయండి.