‘లోర్’: గొంతు ఉన్న మొదటి సీజనా, గొంతు తీసేసిన రెండోదా?

గుడ్లగూబ
‘లోర్’ అంటే జానపదం వెనకున్న భయం కథల సీరీస్, ఆరన్ మాన్కీ చెప్పే పాడ్‌కాస్ట్‌లోంచి తీసింది. రెండు సీజన్లూ చూసినవాళ్లకే ఈ ప్రశ్న. అమెజాన్ ప్రైమ్‌లో 2017 అక్టోబరులో వచ్చిన మొదటి సీజన్‌లో ఆరన్ మాన్కీ వ్యాఖ్యానం, పాత ఫొటోలు, యానిమేషన్, మధ్యమధ్యలో నటులతో తీసిన సీన్లు. 2018లో రెండో సీజన్‌కి వచ్చేసరికి వ్యాఖ్యానం పక్కనపెట్టి దాదాపు అంతా డ్రామా చేసేశారు. రెండూ ఆరేసి ఎపిసోడ్లే. నా ఓటు రెండోదానికి. మొదటి సీజన్‌లో సీన్ బిగుసుకునే సమయానికే గొంతు వచ్చి దూరుతుంది. మాట వినపడాలి కాబట్టి గాలి చప్పుడు, అడుగుల చప్పుడు తగ్గించేస్తారు. భయం ఉండేదే ఆ చప్పుళ్లలో. మాట ముగిశాక దాన్ని మళ్లీ మొదటి నుంచీ పేర్చుకు రావాలి.

పాతరికార్డు
సౌండ్ విషయంలో మీతో పేచీ లేదు. కానీ మొదటి ఎపిసోడ్‌లోని మెర్సీ బ్రౌన్ కథ తీసుకోండి. రోడ్ ఐలండ్‌లోని ఎక్సిటర్, 1892. జనవరిలో 19 ఏళ్ల మెర్సీ క్షయతో పోయింది. ఆ ఇంట్లో పోయినవాళ్లలో ఎవరో రక్తపిశాచి అయ్యారని మార్చి 17న ఊరివాళ్లు పట్టుబట్టి శవాన్ని బయటికి తీయించారు. చెడిపోలేదు, గుండెలో నెత్తురు ఉంది. గుండె, కాలేయం అక్కడే బండమీద కాల్చి, ఆ బూడిద నీళ్లలో కలిపి జబ్బుపడ్డ అన్న ఎడ్విన్ చేత తాగించారు. మేలో అతనూ పోయాడు.

ఇదంతా తెరమీద చూపించొచ్చు. శవం ఎందుకు చెడలేదన్నది ఎవరు చెప్తారు? చలికాలం నేల గడ్డకట్టి, పాతిపెట్టకుండా నేలపైనున్న రాతి గదిలో ఉంచారు. అంటే రెండు నెలలు ఐసుపెట్టెలో ఉన్నట్టే. అదే రోజు తీసిన తల్లి, అక్క శవాలు పాతిపెట్టి ఇంచుమించు ఎనిమిదేళ్లయినవి, అవి సహజంగానే శిథిలమయ్యాయి. ఆ తేడానే ‘రుజువు’ అనుకున్నారు. జర్మన్ డాక్టరు కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టి అప్పటికి పదేళ్లు. ఈ ముక్కలు లేకపోతే మిగిలేది ఇంకో రక్తపిశాచి కథ.

కత్తెర
దీనికి వ్యాఖ్యాత అక్కర్లేదండీ. ఆ శవాల్ని పరీక్షించిన డాక్టరు మెట్‌కాఫ్ అసాధారణమేమీ లేదని అప్పుడే చెప్పాడు, ఊపిరితిత్తుల్లో క్షయ గుర్తులూ చూపించాడు. ఆ మాట పాత్ర నోట పెట్టి, వెంటనే బండమీద మంట వేస్తున్నవాళ్ల మీదికి కట్ చేస్తే సరి. తెలిసీ ఆపలేకపోయాడన్నది ఏ వ్యాఖ్యానం కన్నా గట్టిగా తగుల్తుంది.

అసలు తప్పు గొంతు ఉండటం కాదు, తెరమీద కనపడేదాన్నే గొంతు మళ్లీ చెప్పడం. 2015లో మొదలైన పాడ్‌కాస్ట్‌కి బొమ్మ లేదు, కాబట్టి తలుపు తెరుచుకుందని చెప్పాలి. టీవీలో తలుపు కళ్లముందే తెరుచుకుంటోంది. వినడానికి రాసుకున్న స్క్రిప్టులోంచి వర్ణన వాక్యాలు కొట్టెయ్యకపోతే జరిగేది ఇదే.

పాతరికార్డు
మెట్‌కాఫ్ సంగతి ఒప్పుకున్నా. మరి రెండో సీజన్‌లోని బాతొరీ, అమ్మాయిల నెత్తుటితో స్నానం చేసేదని చెప్పుకునే హంగరీ జమీందారిణి? 1610-11లో తీసుకున్న వాంగ్మూలాల్లో హింస ఉంది, చావులు ఉన్నాయి, నెత్తుటి స్నానం లేదు. ఆ ముచ్చట అచ్చులోకి వచ్చింది 1729లో, ఆమె పోయిన నూరేళ్లు దాటాక. 1610 నాటి పాత్ర 1729లో పుట్టబోయే కథ గురించి ఎలా చెప్తుంది? బయటినుంచి ఒక గొంతు కావాల్సిందే. నా లెక్కలో జానపదం మీద తీసిన సీరీస్‌కి ఇదే ప్రాణం: ఏం జరిగింది, దాని చుట్టూ ఏం అల్లుకుంది, ఎప్పుడు అల్లుకుంది.

నిప్పుకోడి
అసలు రెండో సీజన్‌లోని బర్క్, హేర్ జానపదం ఎలా అయ్యారో ఎవరైనా చెప్పండి. ఎడిన్‌బరోలో 16 మందిని చంపి శవాల్ని కోసి పాఠం చెప్పే డాక్టర్ నాక్స్‌కి అమ్ముకున్నారు, బర్క్‌ని 1829 జనవరిలో ఉరితీశారు. అది పచ్చి నేరం. మొదటి సీజన్‌లో డాక్టర్ ఫ్రీమన్ మానసిక రోగులకి చేసిన లోబోటమీ కూడా అంతే. కనురెప్ప కిందినుంచి ఇనప పుల్ల పెట్టి, సుత్తితో కొట్టి, మెదడులోకి దించి అటూ ఇటూ తిప్పడం. ఒళ్లు జలదరిస్తుంది, సరే. జానపదం ఎక్కడ?

గుడ్లగూబ
నిప్పుకోడి గారూ, అది వేరే థ్రెడ్ పెట్టుకోవాల్సిన గొడవ. దాన్ని ఇక్కడ కలపకండి.

ఊడలమర్రి
మొదటి సీజన్‌లోని బ్రిజిట్ క్లియరీ ఎపిసోడ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? మీ ఇద్దరి వాదనా తేలేది అక్కడే. ఐర్లండ్, టిప్పరేరీ, 1895 మార్చి. ఒంట్లో బాగోని పెళ్లాన్ని, ఇది నా భార్య కాదు, ఫెయిరీలు (అక్కడి జానపద దేవతలు) ఎత్తుకుపోయి బదులు పెట్టిన మనిషి అనుకున్నాడు మైకేల్ క్లియరీ. బంధువులు కాళ్లూ చేతులూ పట్టుకుంటే పాలలో కాచిన మూలికలు నోట్లో పోశారు. దేవుడి పేరు మీద నువ్వు బ్రిజిట్‌వేనా అని మళ్లీ మళ్లీ అడిగారు. మర్నాడు రాత్రి పొయ్యిలోని కొరివి, ఆపైన దీపం నూనె. తర్వాత పాత మట్టికోట దగ్గర రాత్రిళ్లు కాపు కాశాడు, తెల్లగుర్రం మీద అసలు భార్య వస్తుందని.

ఇవి ఎవరో ఊహించి రాసినవి కావు, చాలామటుకు ఆమె దాయాది జొహానా బర్క్ కోర్టులో చెప్పిన సాక్ష్యం. అంటే సంభాషణ సిద్ధంగా ఉంది, డ్రామాకి ఇంతకన్నా ఏం కావాలి? ఆ గదిలో అంతమంది ఉన్నారు, ఎవరూ తలుపు తీసుకుని వెళ్లిపోలేదు. అక్కడ గొంతు దూరితే నేనూ క్షమించను. కానీ ఆమె కుట్టుపని చేసుకుని, కోళ్లు పెంచుకుని సొంతంగా సంపాదించేదన్నది, హత్య కాదు, ఉద్దేశపూర్వకం కాని నరహత్య (మాన్‌స్లాటర్) అని తేల్చి మొగుడికి 20 ఏళ్లు వేశారన్నది, 1910లో వదిలేశారన్నది ఎక్కడ చెప్పాలి? అంతా అయ్యాక, చివర్లో, చల్లగా.

కత్తెర
చివర్లో అయితే నాకూ అభ్యంతరం లేదు. ఒక్కటే, శిక్ష సంగతి చివర్లో పెట్టండి, సంపాదన సంగతి మాత్రం ముందే రావాలి. అదీ బొమ్మగా: కుట్టుమిషన్, లెక్కపెట్టుకుంటున్న డబ్బు, పక్కన చూస్తున్న మొగుడు. మొదట్లోనే అది కళ్లబడితే మూలికలు పోసేటప్పుడు చూసేవాడి అనుమానం దేవతల మీదికి పోదు.

పాతరికార్డు
బాతొరీకి జవాబు ఇంకా రాలేదు.